దానమిచ్చిన నేల మీదికి రోగిగా

మైకు తీసుకుని "సభకు నమస్కారం" అన్నాను. ఆ తర్వాతి మాట రాలేదు. దగ్గి, నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టాను. ఇనుప తట్టను బండ మీద ఈడ్చినట్టు ఒక శబ్దం వచ్చింది. ముందు వరసలో కూర్చున్నవాళ్లు మర్యాదగా తలలు దించుకున్నారు. "హోమం పొగ పట్టింది" అని పక్కనున్న పెద్దమనిషి సర్దిచెప్పాడు. నేను కూడా అదే అనుకున్నాను. కానీ పొగ పట్టిన గొంతు సాయంత్రానికి తేరుకుంటుంది. నాది తేరుకోలేదు.

అది క్యాన్సర్ హాస్పిటల్‌లో రేడియేషన్ మిషన్‌కు పూజ చేసిన రోజు. నిజామాబాద్ నుంచి బోధన్ పోయే రోడ్డు పక్కన ఆ హాస్పిటల్ కట్టిన నేల మా ఇంటిది. ఒకప్పుడు ఆ రోడ్డుకు రెండు వైపులా చూపు ఆనినంత దూరం మా చెరుకు ఉండేది. భూ సీలింగ్ చట్టంలో కొంత పోయింది, పంపకాల్లో కొంత పోయింది. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకూ పోయింది. దొరల కాలం నాటి మా బంగళా, ఆ గడి, ముందు భాగం కూలితే వెనక రెండు గదులు బాగుచేయించుకుని నేనూ నా భార్య పద్మా ఉంటున్నాం. ఇంటి వెనక వరి మడి, రోడ్డు పక్కన ఆ ముక్క, నా వంతుకు మిగిలినవి అవే. ట్రస్టు వాళ్లు వచ్చి హాస్పిటల్ కోసం అడిగినప్పుడు నేను బేరమాడలేదు. మా ఇంట్లో అలాంటి అలవాటు లేదు. ఇద్దరం పీటల మీద కూర్చుని నీళ్లు వదిలి ధారపోసి ఇచ్చాం.

అవసరం ఎంతుందో నేను కళ్లారా చూశాను. హైదరాబాద్ పోయే పొద్దుటి బండిలో, చేతిలో పెద్ద స్కానింగ్ కవర్ పట్టుకున్నవాళ్లు మొదట్లో ఎక్కడో ఒకరు కనిపించేవారు. తర్వాత ప్రతి పెట్టెలో కనిపించారు. మోర్తాడ్ పసుపు రైతు, చందూర్ టీచరు, బోధన్‌లో బీడీలు చుట్టే ఆడవాళ్లు. కవర్ చూడగానే పక్కవాళ్లు జరిగి చోటిచ్చేవారు. ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. అడగకుండానే తెలిసిపోయేంతగా ఆ జబ్బు మా వైపు పాకింది.

కట్టడం సాగుతున్నప్పుడు సాయంత్రాలు పోయి చూసేవాణ్ణి. రేడియేషన్ గదికి కిటికీలు లేవు. మనిషి పడుకుంటే ఆ గోడ మందంలో ఇమిడిపోతాడు. అంత గోడ ఎందుకని అడిగితే, "లోపలిది బయటికి రావద్దు సార్" అన్నాడు ఇంజినీరు. "మంచాలు నిండుతయంటవా?" అని అడిగాను. అతను నవ్వలేదు. "రంగు ఆరకముందే నిండుతయి. అటు రెండో బ్లాకుకు గుంత ఇప్పుడే తీస్తే మంచిది" అన్నాడు. ఆ మాట నాకు అపశకునంలా వినిపించింది.

గొంతు బొంగురుకు మిరియాల కషాయం తాగాను, ఉప్పునీళ్లు పుక్కిలించాను. వానలు పడ్డాయి, నాట్లు అయ్యాయి. ఈలోగా హాస్పిటల్ నడవడం మొదలైంది. నా గొంతు మాత్రం రోజురోజుకూ దిగిపోయింది. ఫోన్ ఎత్తితే అవతలివాళ్లు "ఎవరండీ?" అని అడిగేవారు. ఆ ప్రశ్నకు నేను అలవాటు పడినవాణ్ణి కాదు. పద్మ పట్టుపట్టి నిజామాబాద్‌లో ఒక ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది.

"స్మోకింగ్ ఉందా సార్?" అని అడిగాడాయన.

"మా ఇంట్ల బీడీ ముట్టరు. సిగరెట్టు తాగేటోణ్ణి."

"వోకల్ కార్డ్‌కు ఆ తేడా తెల్వదు సార్" అని, ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం దింపాడు. తెర మీద నా గొంతు నాకే కనిపించింది. రెండు తెల్లటి దారాల్లాంటివి కదులుతున్నాయి. కుడి వైపు దాని మీద చిన్న గరుకు మచ్చ ఉంది. ఆయన చాలాసేపు దాన్నే చూశాడు. "మూడు వారాలు దాటిన బొంగురును ఎప్పుడూ వదిలిపెట్టొద్దు. బయాప్సీ చేద్దాం" అన్నాడు.

బయాప్సీలో స్క్వామస్ సెల్ కార్సినోమా, అంటే క్యాన్సరే అని వచ్చింది. సీటీ స్కాన్ తీశారు. "ఎర్లీ స్టేజ్. రేడియేషన్ ఒక్కటే చాలు. ఇంత తొందరగా దొరికినోళ్లకు గొంతు నిలబడే అవకాశం చాలా ఎక్కువ" అని చెప్పి, డాక్టరు తలెత్తి నన్ను చూశాడు. "మీకు అదృష్టం సార్. మిషన్ మీ ఇంటి ముందటనే ఉన్నది."

నేను లేచి నమస్కారం పెట్టి వచ్చేశాను.

మా ఇంట్లో ఒక నియమం ఉంది. మా తాత బోధన్ బాటలో బాటసారుల కోసం బావి తవ్వించి వదిలేశాడు. ఆ బావి నీళ్లు మా ఇంటి మనిషి ఎవరూ తాగలేదు. మా బాపు చిన్నప్పుడు ఎండలో దాహమై కళ్లు తిరిగినా ఆ గిలక ముట్టకుండా ఇంటిదాకా నడిచివచ్చాడని చెప్పుకుంటారు. ధారపోసినదాన్ని మళ్లీ అనుభవిస్తే ఇచ్చినట్టు కాదు, ఎంగిలి చేసినట్టు. భూములు పోయాయి, గడి పోయింది. ఆ నియమం పోలేదు. ఎవరూ లాక్కోలేనిది నాకు అదొక్కటే మిగిలిందని అప్పుడు అనుకున్నాను.

అయినా పద్మ కోసం ఒకసారి కొత్త హాస్పిటల్‌కు పోయాను. వరండాలో కుర్చీలు చాలక జనం గోడలకు ఆనుకుని నిలబడ్డారు. నన్ను చూసి ఇద్దరు ముగ్గురు లేచారు. కూర్చున్నచోట నుంచి లేవకుండా పలకరించింది గంగవ్వ ఒక్కతే. మా చెరుకు నరకడానికి వచ్చిన మనిషి, తర్వాత బీడీలు చుట్టి బతికింది. గర్భసంచి ముఖం దగ్గర క్యాన్సర్ అని ఊళ్లో విన్నాను.

"దొరా, నువ్వు సుత వస్తివా! సూడు, మీ బాపు ఇదే జాగల మమ్ముల ఎండకు నిలవెట్టిండు. ఇప్పుడు ఏసీల పండవెడుతున్నరు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. "ఎట్లున్నది నీకు?" అని అడిగాను.

"రోజు వస్తున్న. శనివారం, ఆదివారం రానిస్తలేరు. లేకుంటే ఈడనే పొయ్యి వెట్టుకుందును."

లోపల రేడియేషన్ డాక్టరు చిన్న వయసు అమ్మాయి. మెండోరలో పుట్టి పెరిగిందట. నా రిపోర్టులు చూసి, "ఆరు వారాలు సార్. వారానికి ఐదు రోజులు. వచ్చే సోమవారం స్టార్ట్ చేద్దాం" అంది.

"నేను ఇక్కడ తీసుకోను, డాక్టరమ్మా. మేం ఇచ్చినదాన్ని మేం వాడుకోం. హైదరాబాద్‌ల తీసుకుంట. నా జాగ బయట నిలబడ్డోళ్లకు ఇయ్యిండ్రి."

ఆమె పెన్ను పక్కన పెట్టింది. "జాగ ఇచ్చిండ్రని మీకు ట్రీట్‌మెంట్ ఇస్తలేం సార్. జబ్బున్నదని ఇస్తున్నం. ఇది ఒక్కనాడు తప్పినా లెక్కనే. దూరం పోతే ఏదో ఒకటి అడ్డమొస్తది. గ్యాప్ రావద్దు, అదే నా భయం."

ఆటోలో ఊరికి తిరిగి వచ్చాం. దిగేముందు పద్మ, "ఈ రోడ్డు కూడ మీ తాత ఇచ్చిందే అంటరు గదా. మరి హైదరాబాద్‌కు గాల్లకెళ్లి పోతమా?" అంది.

హైదరాబాద్‌లో హాస్పిటల్ వెనక గల్లీలో ఒక గది అద్దెకు తీసుకున్నాం. అక్కడ నా ఇంటిపేరు ఎవరికీ తెలియదు. ముఖం నుంచి భుజాల దాకా మెత్తటి ప్లాస్టిక్ వల వేసి అచ్చు తీశారు. రోజూ ఆ మాస్క్‌ను నా ముఖం మీద పెట్టి బల్లకు బిగించేవారు. కదలకూడదు, మింగకూడదు. మిషన్ తల చుట్టూ తిరిగేది. నొప్పి ఏమీ ఉండేది కాదు. ఆ కొద్దిసేపు నేను ఎవరినన్నది ఆ గదిలో ఎవరికీ అవసరం లేదు. నాకు అదే అన్నిటికన్నా కష్టంగా ఉండేది.

మూడో వారానికి మెడ చర్మం కమిలి నల్లబడింది. మింగితే గాజుపెంకులు దిగినట్టుండేది. పద్మ జావ చల్లార్చి చెంచాతో పోసేది. "ఇది ఊహించిందే. ఆపకండి" అన్నాడు అక్కడి డాక్టరు.

దసరా వచ్చింది. మా వైపు ఆ సాయంత్రం జమ్మి ఆకు తెచ్చి పెద్దల చేతిలో పెట్టి దండం పెడతారు. ఊళ్లో ఏం మిగిలినా మిగలకున్నా ఆ ఒక్క సాయంత్రం జనం ఇప్పటికీ మా గడప దాకా వస్తారు. గద్దె మీద ఇంటి పెద్ద లేకపోతే ఆ ఇల్లు తలుపు మూసుకున్నట్టే లెక్క. ఒక రోజు పోయి వస్తానన్నాను. "పండుగ సెలవు వరకు సరే, మర్నాడు ఇక్కడ ఉండాలి" అన్నాడు డాక్టరు. పద్మ వద్దని మొత్తుకుంది.

జమ్మి తీసుకున్నాను. గొంతు లేక తల ఊపుతూ దీవించాను. ఆ రాత్రి జ్వరం మొదలైంది. నోరంతా పుళ్లు పడ్డాయి, నీళ్లు కూడా దిగలేదు. పైన వాన పట్టింది. హైదరాబాద్ దాకా కూర్చుని పోయే సత్తువ లేదు. మా ఇంటి మిద్దె ఎక్కితే కొత్త హాస్పిటల్ దీపాలు కనిపిస్తాయి. ఆటోలో పోతే చాయ్ చల్లారేలోపు చేరొచ్చు. పద్మ పొద్దునా సాయంత్రం అటు చూసేది, నన్ను చూసేది.  నేను అటు చూడకుండా గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి. పైగా మధ్యలో మిషన్ మార్చడం కుదరదు, ప్లానింగ్ అంతా అక్కడే ఉందని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే. అయితే మొదట్లోనే అంత దూరం పోయింది నేనే.

తిరిగి పోయేసరికి వారం దాటింది. డాక్టరు ముఖం మారిపోయింది. "రేడియేషన్ తట్టుకుని బతికిన సెల్స్ ఊరుకోవు. గ్యాప్ దొరికితే వేగంగా పెరుగుతాయి. కొన్ని సిట్టింగ్స్ ఎక్కువ ఇస్తాను. చూద్దాం" అన్నాడు. చివరి మాట అనేటప్పుడు ఆయన నా కళ్లలోకి చూడలేదు.

ట్రీట్‌మెంట్ ముగిసింది. మెల్లగా గొంతు వచ్చింది. పాతది కాకపోయినా నాదే అని గుర్తుపట్టగలిగిన గొంతు. ఎండాకాలం అంతా బాగున్నాను. ఫోన్‌లో ఎవరండీ అని అడగడం మానేశారు. పద్మ మొక్కులు తీర్చుకుంది. మొదటి రెండు ఫాలో అప్‌లలో గొంతులో కెమెరా స్కోప్ వేసి "క్లియర్" అన్నారు.

వరికోతల దుమ్ములో మళ్లీ బొంగురు మొదలైంది. ఈసారి నేను కషాయం అనలేదు. మెట్లెక్కితే ఊపిరిలో సన్నటి ఈల వినిపించేది. నాకు వినిపిస్తున్నట్టు పద్మకు చెప్పలేదు. ఆమె విన్నట్టు నాకు చెప్పలేదు.

"రికరెన్స్" అన్నాడు హైదరాబాద్ డాక్టరు. "రేడియేషన్ మళ్లీ ఇవ్వలేం. టోటల్ లారింజెక్టమీ చేయాలి. గొంతు పెట్టె మొత్తం తీసేస్తాం. మెడకు రంధ్రం పెడతాం, దాంట్లోంచే శ్వాస."

"గ్యాప్ వల్లనేనా?" అని అడిగాను.

"అదొక్కటే అని చెప్పలేను. గ్యాప్ లేకుండా కూడా కొందరికి తిరిగి వస్తుంది. కానీ మీది నిలబడాల్సిన కేసు."

ఆ ఒక్క మాట ఇన్నాళ్లయినా నా లోపల అలాగే నిలబడి ఉంది.

ఇంటికి వచ్చాక పద్మ అరుగు మీద కూర్చుని చెప్పేసింది. "ఈసారి నేను హైదరాబాద్ రాను. సచ్చినా బత్కినా ఈడనే. మీ నేమం మీ దగ్గర వెట్టుకొని మీరు పోతే పోండ్రి." పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె నాతో అలా మాట్లాడలేదు. నేను బయటికి నడిచాను. గంగవ్వకు బాగా లేదని విని ఉన్నాను. కాళ్లు అటు తీసుకుపోయాయి.

కొత్త హాస్పిటల్‌లో డే కేర్ వార్డులో పడుకుని ఉంది. ఒక్క రోజూ తప్పకుండా పూర్తి కోర్సు తీసుకున్న మనిషి. కానీ ఆమెకు జబ్బు దొరికేనాటికే ఆలస్యమైంది. ఇప్పుడు లివర్‌కు పాకింది. కన్ను తెరిచి నన్ను గుర్తుపట్టింది.

"ఏం దొరా, గొంతు పిల్లి గొంతయింది?"

చెప్పాను. గొంతు తీసేస్తారని, ఎక్కడ చేయించుకోవాలో తేలడం లేదని. ఆమె నా వైపు తిరిగింది.

"ఈ జాగ ఇంక నీదేనా?"

"కాదు."

"ఎవలది?"

"ఇక్కడికి వచ్చేటోళ్లది."

"మాది గదా మరి. నీది నువ్వు తీసుకుంటలేవు. మేం పిలుస్తున్నం. మా తానకి రా." కాస్త ఊపిరి తీసుకుని, "పిలిస్తె సుత రావా? అంత పెద్దోనివా?" అంది.

మా ఇంట్లో పిలిచిన చోటికి పోకపోవడం కూడా తప్పే.

నెలలో ఒక వారం వచ్చే సర్జన్ అక్కడే ఆపరేషన్ చేశాడు. ఆ ఉదయం స్ట్రెచర్ మీద కారిడార్‌లో ఉన్నాను. ఇంకాసేపట్లో మాట పోతుంది. చెప్పాల్సినవి ఎన్నో ఉన్నాయని అనుకున్నాను. పద్మ ఫోన్ నా ముఖం దగ్గర పట్టుకుని, "ఏదన్న ఒక్కటి మాట్లాడుండ్రి, దాచుకుంట" అంది. అటూ ఇటూ రోగులు, వాళ్ల మనుషులు చూస్తున్నారు. నాకు సిగ్గేసింది. "ఆ ఫోన్ పక్కకు వెట్టు. నలుగురు చూస్తున్నరు" అన్నాను. తలుపులు మూసుకున్నాయి.

నా సొంత గొంతుతో లోకంలో మిగిలింది ఆ రెండు ముక్కలే. పద్మ ఫోన్‌లో ఉన్నాయి. ఆమె అప్పుడప్పుడూ వంటింట్లో వినడం నాకు తెలుసు.

ఆపరేషన్ తర్వాత కుట్లు తొందరగా మానలేదు. రేడియేషన్ పడ్డ కండ అలాగే ఉంటుందన్నారు. మెడ దగ్గర ఒక చోట తెరుచుకుని మింగిన ఉమ్మి బయటికి కారింది. ఫిస్టులా అంటారట. ముక్కు గొట్టంలోంచే తిండి. పలక మీద రాసి అడిగేవాణ్ణి. మెండోర డాక్టరమ్మ రోజూ వచ్చేది. ఒకరోజు పలక మీద "గంగవ్వ?" అని రాశాను. ఆమె చదివి, పలక నా చేతిలో పెట్టి, "నిన్న పోయింది సార్. బాధ లేకుండా పోయింది, నొప్పి మందు బాగనే పనిచేసింది" అంది. మిషన్ కొన్నేళ్ల ముందు వచ్చి ఉంటే అని నేను రాయలేదు. కిటికీలోంచి రెండో బ్లాకుకు తీస్తున్న గుంత కనిపిస్తోంది. ఆమె కూడా అటే చూస్తోంది.

ఇప్పుడు బాగున్నాను. మెడ రంధ్రంలోంచి ఊపిరి తీసుకుంటాను. దుమ్ము పోకుండా తెల్లటి పలుచటి గుడ్డ మడతపెట్టి కట్టుకుంటాను. స్నానం చేసేటప్పుడు నీళ్లు లోపలికి పోకుండా పద్మ చూసుకుంటుంది. రంధ్రం వెనక చిన్న వాల్వ్ పెట్టారు. బొటనవేలితో రంధ్రం మూసి ఊపిరి వదిలితే మాట వస్తుంది. స్పీచ్ థెరపీ అమ్మాయి నేర్పింది. మొదట్లో నలుగురిలో మెడ మీద వేలు పెట్టడం నామోషీగా ఉండేది. ఇప్పుడు లేదని అనను. అయినా పెడతాను. స్కోప్ ప్రతిసారీ క్లియర్ వస్తోంది. స్కోప్‌కు ముందు రోజు మాత్రం మా ఇంట్లో ఇద్దరమూ సరిగా తినం.

వారంలో రెండు మూడు పొద్దుట్లు హాస్పిటల్ వరండాలో కూర్చుంటాను. కుర్చీలు ఎన్ని వేసినా చాలడం లేదు. మొన్న చందూర్ రైతు ఒకాయన, నాలుక క్యాన్సర్‌కు సగం కోర్సులో ఉన్నాడు, కొడుకుతో అంటున్నాడు. "రేపు ఎల్లుండి రాను రా. బిడ్డ పెండ్లి మాటలున్నయి, నేను లేకుంటె ఏం మర్యాద? రెండు దినాలకు ఏమైతది?"

నేను పక్కన కూర్చుని మెడ గుడ్డ తొలగించాను. అతను రంధ్రం చూసి మాట ఆపేశాడు. వేలు పెట్టి, "పెండ్లి మాటలకు వాళ్లనే ఇక్కడికి పిలువు. నువ్వు మాత్రం రా" అన్నాను. నా గొంతు గరుకుగా, చదునుగా వచ్చింది. అతను నా ముఖం చూడలేదు, నా వేలునే చూశాడు.

మర్నాడు అతను రాలేదు, అతని కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు. ఆ తర్వాతి రోజు వచ్చాడు. తప్పిపోయిన ఆ ఒక్కరోజు ఏం చేస్తుందో అతనికీ తెలియదు, నాకూ తెలియదు, డాక్టరమ్మకూ తెలియదు.

ఇది చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. రేడియేషన్ మొదలుపెట్టే ముందు ఆ వారాల్లో వచ్చే పండుగలు, పెళ్లిళ్లు, కోతలు అన్నీ ఇంట్లోవాళ్లతో కూర్చుని మాట్లాడుకోండి. ఎవరు మీ బదులు కూర్చోవాలో అప్పుడే తేల్చుకోండి. రోజూ తప్పకుండా పోగలిగినంత దగ్గరలో ఉన్న చోటే ఎంచుకోండి. అది ఎవరిదైనా సరే.